అప్‌డేట్: కాంటెస్సా కారు దారిలో ఆగిపోయిన సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, హైదరాబాద్‌లో కొన్న 1991 కాంటెస్సాను నల్లగొండకు తెస్తుంటే పంతంగి టోల్ దాటగానే ఆగిపోయిందని, ఇరవై నిమిషాలు నిలబెడితే స్టార్టయి చిట్యాల దగ్గర మళ్లీ మొరాయించిందని. చివరికి నార్కట్‌పల్లి నుంచి తాడు కట్టి లాక్కొచ్చాం. "ఈ పైసలతో బర్రెను కొంటే పాలన్నా ఇచ్చేది" అన్నాడు మా నాయన.

కారణం ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చేది) కాదు. కొత్తది వేసినా అలాగే ఆగింది, ఆ డబ్బు దండగ. ఎండకు లైనులో పెట్రోల్ ఆవిరవుతోందేమోనని ఫ్యూయెల్ పంప్ మీద తడిగుడ్డ వేశాను, అదీ కాదు. "ఆగిన వెంటనే పెట్రోల్ ఫిల్టర్ చూడు" అన్నవారికి దండం. బానెట్ ఎత్తి చూస్తే ప్లాస్టిక్ ఫిల్టర్‌లో చుక్క పెట్రోల్ లేదు. ట్యాంకు మాత్రం సగం నిండుగా ఉంది.

గడియారం సెంటర్ దగ్గరి మెకానిక్ ట్యాంకు దించాడు. అడుగున టీపొడిలాంటి తుప్పు, రెండు గుప్పెళ్లు! బండి నడుస్తుంటే అది పెట్రోల్ లాగే గొట్టం మూతి జాలీకి అతుక్కుంటుంది, ఆగితే కిందికి జారుతుంది. అందుకే కాసేపు నిలబెడితే స్టార్టయ్యేది. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండి మరి. ట్యాంకు కడిగించి, రబ్బరు పైపులు, ఫిల్టర్ మార్పించి, కార్బొరేటర్ శుభ్రం చేయిస్తే మొత్తం 6,500 రూపాయలైంది.

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. మొన్న ఆదివారం నాగార్జునసాగర్ పోయొచ్చాం, ఎక్కడా ఆగలేదు. ముందు సీటు నాయనదే.