క్లాసులో పెట్టే క్విజ్ యాప్ మార్కులు గ్రేడులో కలపాలా?

లెక్కల టీచర్: మా స్కూల్లో కొత్త రూలు. కహూట్ యాప్‌లో రోజూ పెట్టే క్విజ్ మార్కుల్ని ఇంటర్నల్స్‌లో కలపాలట. పిల్లలు హుషారుగా ఆడుతున్నారు, కాదనను. కానీ ఆ హుషారుకి మార్కులెలా వెయ్యను?

సైన్స్ టీచర్: కలపాల్సిందే. మార్కులు లేవంటే మా క్లాసులో సగం మంది స్క్రీన్ మీది జవాబు రంగుల్లో ఏదో ఒకటి నొక్కేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. చేతులెత్తమంటే ఎప్పుడూ ఆ నలుగురే. యాప్‌లో అయితే అందరి జవాబూ కనిపిస్తుంది. పైగా మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా, చదివింది గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని 2006లోనే అమెరికా సైకాలజిస్టులు రోడిగర్, కార్పికి చూపించారు కదా.

వెనక బెంచీ: ఆ ప్రయోగంలో గుర్తున్నది రాయమన్నారు, అంతే. ఎవరు ముందు రాశారని చూడలేదు. కహూట్‌లో సెట్టింగ్ మార్చకపోతే వేగానికే పాయింట్లు. సగం టైమ్ గడిచాక సరిగ్గా నొక్కినా 1000కి 750, చివరి సెకనులో నొక్కితే దాదాపు 500. ఆలోచించిన పాపానికి సగం కోత! దీన్ని గ్రేడులో ఎక్కిస్తారా?

సైన్స్ టీచర్: టైమర్ సంగతి ఒప్పుకుంటా. దాన్ని పక్కన పెట్టి, తప్పొప్పులకే మార్కులేద్దాం.

లెక్కల టీచర్: అక్కడే నాకు చిక్కు. మొన్న 1/2 + 1/3 ఎంతని అడిగాను. 30 మందిలో 17 మంది 2/5 నొక్కారు, 13 మంది 5/6. జవాబు చెప్పకుండా, పక్కవాళ్లతో మాట్లాడుకోమన్నాను. ఒకమ్మాయి కాగితం సగానికి మడిచి పక్కవాడికి చూపించింది: "ఇదే సగం. 2/5 ఇంతకన్నా తక్కువ. ఇంకోటి కలిపితే తగ్గుతుందా?" వాడు రెండు నిమిషాలు కాగితం వంకే చూశాడు. మళ్లీ ఓటేయిస్తే 24 మంది 5/6. ఇప్పుడు వాడికి ఏ ఓటుకి మార్కు వెయ్యాలి? మొదటిదానికైతే సున్నా. ఇక రేపట్నుంచి వాడు నోరు తెరవడు, టాపర్ స్క్రీన్‌లోకి తొంగిచూస్తాడు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేస్తున్నది దాదాపు నేను చేసిందే. సరైన జవాబులు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే చర్చ పెట్టి, మళ్లీ ఓటు.

అట్టముక్కల బ్యాచ్: మాకు ట్యాబ్‌లు లేవు. ప్లికర్స్ అనే క్విజ్ యాప్ కార్డులు ప్రింట్ తీసి ఇచ్చాం. కార్డు ఏ వైపు తిప్పి పట్టుకుంటే అదే జవాబు, టీచర్ ఒక్క ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు. టైమంతా ఆప్షన్లు రాయడానికే పోతుంది. మీ 2/5 లాగా, ప్రతి తప్పు ఆప్షనూ పిల్లలు నిజంగా చేసే ఒక పొరపాటు అయి ఉండాలి. ఊరికే నాలుగు అంకెలు పెడితే ఎవరు ఎక్కడ తప్పారో తెలియదు.

సైన్స్ టీచర్: సరే, జవాబిస్తే చాలు మార్కు, తప్పైనా సరే. మరి గుడ్డిగా నొక్కేవాళ్లని ఎలా పట్టుకోవడం?

వెనక బెంచీ: పక్కవాడికి ఎందుకో చెప్పమనండి, దొరికిపోతారు. నేను అలాగే దొరికేవాణ్ణి.