జ్ఞాపకాల చిత్రం పక్కన వివరణ కాగితం ఉండాలా?

మైలాపూరు చూపరి:
నెల్లూరులో పుట్టి చెన్నైలో స్థిరపడిన ఒక చిత్రకారిణి తన బాల్యాన్నీ ఇంటివారినీ తలచుకుంటూ వేసిన చిత్రాలను గ్రీమ్స్ రోడ్డులోని లలితకళా అకాడమీలో చూశాను. ప్రతి చిత్రం పక్కనా దాని వెనుక ఉన్న కుటుంబ కథను అచ్చువేసి అంటించారు. ఆ కాగితాలు ఉండకూడదని నా అభిప్రాయం. వంటగదిలో ఖాళీ ఉట్టి వేలాడుతున్న చిత్రం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. దూలం నుంచి దిగిన తాళ్ల నీడ గోడ మీద ఉట్టి కంటే ముదురుగా, ఒక మనిషి కూర్చున్నంత వెడల్పుగా పడి ఉంది. ఆ ఇంట్లో ఎవరో లేరన్న సంగతి నాకు ఆ నీడే చెప్పింది. తరువాత, అవ్వ పోయాక ఆ ఉట్టిలో ఎవరూ పెరుగుకుండ పెట్టలేదన్న వాక్యం చదివాను. అప్పటినుంచి ఆ చిత్రాన్ని తలచుకుంటే వాక్యమే గుర్తుకొస్తోంది, నీడ రావడం లేదు.

విల్లివాక్కం చదువరి:
మీరు ఉట్టిని ఎరిగినవారు కనుక మీకు నీడ మాట్లాడిందండీ. మా అమ్మాయి ఈ నగరంలోనే పుట్టి పెరిగింది. పిల్లికి అందకుండా పాలూ పెరుగూ ఉట్టిమీద పెట్టడం తను ఏ ఇంట్లోనూ చూడలేదు. కాగితం లేకపోతే తనకు అది తాళ్ల ముడి మాత్రమే. పైగా అక్షరం చిత్రానికి పరాయిదని మన నగరపు చిత్రకళ అనుకోలేదు. 1966లో చోళమండలం కళాగ్రామ స్థాపనకు నాయకత్వం వహించిన కె.సి.ఎస్. పణిక్కర్ గారు 'పదాలు, సంకేతాలు' వరుసలో కాన్వాసునే అక్షరాలతో నింపారు.

మైలాపూరు చూపరి:
పణిక్కర్ గారి అక్షరాలు చదివి అర్థం చెప్పుకోవడానికి వేసినవి కావు, గీతలుగా చూడవలసినవి, అవి చిత్రంలోనివే. గోడమీది కాగితం చిత్రానికి బయటిది. చిత్రకారుడు తోట వైకుంఠం గారు వేసిన తెలంగాణ స్త్రీల వెనుక ఆయన తల్లి జ్ఞాపకం ఉందని తెలియనివారు కూడా ఆ పెద్ద బొట్టు ముందు ఆగుతారు కదా. మీ అమ్మాయికి 'ఉట్టి' అన్న శీర్షిక చాలు. మిగిలినది పక్కన నిలబడి మీరు చెప్పవచ్చు.

విల్లివాక్కం చదువరి:
మరి తండ్రి ముఖం సగం లేని ఆ చిత్రం సంగతి ఏమిటి? కూతురు కోపంతో చెరిపివేసిందనే నేను మొదట అనుకున్నాను. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ఫోటోను చెదలు తిన్నాయనీ, తిన్నంత మేరా ఊహించి పూరించడానికి తనకు మనసొప్పలేదనీ కాగితం చెప్పింది. అది లేకపోతే, బదులు చెప్పుకోలేని ఒక మనిషి గురించి తప్పుడు అభిప్రాయంతో నేను ఇంటికి వచ్చేదాన్ని.

మైలాపూరు చూపరి:
ఆ ఒక్క చిత్రం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయితే ఆ కాగితాన్ని చిత్రం పక్కన కాక, బయటికి వెళ్లే గుమ్మం దగ్గర పెట్టమని చిత్రకారిణిని కోరతాను.