కేంద్రకాన్ని కొలిచే ‘బార్న్’, మన పొగాకు ‘బ్యారన్’ ఒకటేనా?

కొండపి నుంచి:
పెద్దలకు నమస్కారం. డిగ్రీ పిల్లలకు కేంద్రక చర్యల పాఠం తెలుగులో రాస్తుంటే ‘బార్న్’ అనే కొలమానం దగ్గర కలం ఆగింది. టంగుటూరు, కొండపి, పొదిలి వైపు ఎవర్నడిగినా బ్యారన్ అంటే పొగాకు కాల్చే గదే. రెండూ ఒక్క మాటేనా? అయితే నోట్సులో బ్యారన్ అనే రాయొచ్చా? లేదా గాదె అని తెలుగు చేసుకోవచ్చా?

ఒంగోలు నుంచి:
మాట ఒకటే తమ్ముడూ. పాత ఇంగ్లీషులో ‘బెరె’ అంటే బార్లీ, ‘ఎర్న్’ అంటే ఇల్లు. బార్లీ దాచే ఇల్లే బార్న్. మాట చివర రెండు హల్లులు కలిసి ఆగిపోతే తెలుగు నోటికి పట్టదు. ఫిల్మ్ ‘ఫిలిం’ అయినట్టు, ఫార్మ్ ‘ఫారం’ అయినట్టు ఇక్కడా నడుమ ఒక అచ్చు చేరింది. అర్థం కూడా మారింది. మన బ్యారన్‌లో గింజలు పోయరు. కర్రలకు కట్టిన ఆకును అంతస్తులుగా వేలాడదీసి, పొయ్యి వేడిని రేకు గొట్టాల్లో తిప్పి ఆకుకు రంగు తెప్పిస్తారు. గాదె అని రాస్తే ఇటు రైతు బ్యారనూ కాదు, అటు పుస్తకంలో బార్నూ కాదు.

నెల్లూరు నుంచి:
అక్కయ్య చెప్పిందానికి భౌతికశాస్త్రం వైపు నుంచి కొంచెం కలుపుతాను. ఈ పేరు 1942లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హాలోవే, బేకర్ పెట్టారు. గురి కుదరనివాణ్ణి ‘వీడు బార్న్ గోడను కూడా కొట్టలేడు’ అనడం అక్కడి వాడుక. ఒక బార్న్ అంటే 10⁻²⁴ చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. అది మనకు ఏ లెక్కలోకీ రాదు, కేంద్రకం మీదికొచ్చే న్యూట్రాన్‌కు మాత్రం అది బార్న్ అంత గోడ.

ఇది నిజమేనా అని పిల్లల చేత లెక్క కట్టించండి. ద్రవ్యరాశి సంఖ్యకు, అంటే కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తానికి ఘనమూలం తీసి 1.2తో గుణిస్తే కేంద్రకం వ్యాసార్ధం ఫెర్మీల్లో వస్తుంది. ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు. యురేనియం-235కి ఘనమూలం 6.17, వ్యాసార్ధం 7.4 ఫెర్మీలు, అడ్డుగా కనపడే వైశాల్యం 172 చదరపు ఫెర్మీలు. వంద చదరపు ఫెర్మీలు ఒక బార్న్ కాబట్టి 1.7 బార్న్‌లు. పేరు పెట్టినవాళ్ళ అంచనా సరిగ్గా కుదిరింది.

ఘనమూలమే ఎందుకని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. కేంద్రక బలం పక్కనున్న ప్రోటాన్, న్యూట్రాన్ల వరకే అందుతుంది, దూరంగా ఉన్నవాటిని లాగదు. అందుకే ఎన్ని చేరినా సాంద్రత దాదాపు మారదు, ఘనపరిమాణం మాత్రం సంఖ్యతో సమంగా పెరుగుతుంది. ఆ పదార్థం ఒక్క ఘన మిల్లీమీటరు తూకం వేయగలిగితే 2.3 లక్షల టన్నులు ఉంటుంది.

కందుకూరు నుంచి:
సార్, మరి పట్టికలో యురేనియం-235 విచ్ఛిత్తికి, అంటే కేంద్రకం చీలడానికి, 585 బార్న్‌లు అని ఉందే? 1.7 ఏడ, 585 ఏడ?

నెల్లూరు నుంచి:
అసలు సంగతి అక్కడే ఉంది. ఆ 585 నెమ్మది న్యూట్రాన్‌కు. సెకనుకు 2200 మీటర్ల వేగంతో వచ్చేదాని తరంగదైర్ఘ్యం 1,80,000 ఫెర్మీలు, అంటే కేంద్రకం వ్యాసానికి 12,000 రెట్లు. దాన్ని గోలీకాయలా ఊహించుకుంటే లెక్క తప్పుతుంది. అదే న్యూట్రాన్ 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకొస్తే విచ్ఛిత్తికి సుమారు 1.3 బార్న్‌లే. నెమ్మది న్యూట్రాన్‌ను మింగడంలో జినాన్-135కి 26 లక్షల బార్న్‌లు, కార్బన్‌కు 0.0035. కేంద్రకాల సైజులు చూస్తే ఇంత తేడా లేదు. రియాక్టర్ ఆపగానే పేరుకునే జినాన్ దాన్ని మళ్ళీ కొన్ని గంటలు లేవనివ్వకపోవడానికీ, న్యూట్రాన్లను తినకుండా నెమ్మదింపజేయడానికి కార్బన్ రూపమైన గ్రాఫైట్ పనికిరావడానికీ కారణం ఈ అంకెలే.

ఒంగోలు నుంచి:
అట్లయితే బార్న్‌లలో కొలిచే ఈ వైశాల్యానికి పుస్తకాల్లో వాడే ‘మధ్యచ్ఛేదం’ (క్రాస్ సెక్షన్) అనే మాటే పిల్లల్ని తప్పుదారి పట్టిస్తోంది కదా. చెరుకుగడను అడ్డంగా నరికితే కనపడే ముఖం గుర్తొస్తుంది. ఇక్కడ నరికేదేమీ లేదు.

నెల్లూరు నుంచి:
అవునక్కా. పరీక్షల కోసం మధ్యచ్ఛేదం ఉంచక తప్పదు. మొదటిసారి వచ్చినచోట ‘ఫలానా చర్యకు ఫలానా వేగంలో కేంద్రకం చూపే గురి వైశాల్యం’ అని రాయండి తమ్ముడూ. ఏ చర్యకు, ఏ వేగంలో అన్నది వదిలేసి ఒట్టి బార్న్‌లు చెబితే ఆ అంకెకు అర్థం లేదు.

నెమ్మది న్యూట్రాన్లను మింగే కాడ్మియం లెక్క కూడా నోట్సులో పెట్టండి. ఘన సెంటీమీటరుకు 4.63 × 10²² కేంద్రకాలు, ఒక్కోటి 2520 బార్న్‌లు, అంటే 2.52 × 10⁻²¹ చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే సెంటీమీటరుకు 117. దాన్ని తిరగేస్తే న్యూట్రాన్ సగటున 0.086 మిల్లీమీటర్లు పోయేసరికి చిక్కుతుందని తేలుతుంది. ఒక్క మిల్లీమీటరు రేకును దాటేది లక్షకు ఒక్కటి కూడా ఉండదు. పిల్లలు ఎక్కువగా తప్పేది యూనిట్ల దగ్గర: బార్న్‌ను 10⁻²⁸ చదరపు మీటర్లుగా తీసుకుని, కేంద్రకాల సంఖ్యను ఘన సెంటీమీటరుకే ఉంచేస్తారు. జవాబు పదివేల రెట్లు తప్పుతుంది.

కొండపి నుంచి:
సరే మాస్టారూ, బార్న్ అనే ఉంచుతాను. బహువచనం?

ఒంగోలు నుంచి:
‘బార్న్‌లు’ చాలు. ఒత్తు కింద ఒత్తు పెట్టి ‘బార్న్లు’ అని రాస్తే చిన్న అక్షరాల్లో చదవడం కష్టం. బ్యారన్ మాత్రం వద్దు. అదే పేజీలో ‘బోరాన్-10కి 3840’ అని వస్తుంది, బోరాన్ పక్కన బ్యారన్ పడితే అచ్చుతప్పు అనుకుంటారు.