పవర్డ్ అప్‌లో ఏది అసలైన రీమేక్: ఓల్డ్ స్టైలా, న్యూ స్టైలా?

నీలి హెల్మెట్:
నీలి రోబో హీరో దూకుతూ, కాలుస్తూ ముందుకు పోయే వీడియో గేమ్ మెగా మ్యాన్. 1987లో క్యాప్‌కామ్ కంపెనీ టీవీకి తగిలించి ఆడే ఫామికామ్ మెషీన్ కోసం చేసిన ఆ మొదటి గేమ్‌ని 2006లో చేతిలో పట్టుకుని ఆడే పీఎస్పీ కోసం ‘మెగా మ్యాన్ పవర్డ్ అప్’ పేరుతో మళ్ళీ చేశారు. దాన్ని రెండు రకాలుగా ఆడొచ్చు. ఓల్డ్ స్టైల్‌లో పాత లెవెల్స్ అమరిక, పాత 8-బిట్ సంగీతం ఉంటాయి. న్యూ స్టైల్‌లో వెడల్పాటి స్క్రీన్‌కి తగ్గట్టు కొత్తగా కట్టిన లెవెల్స్, వాయిస్‌తో నడిచే కథ, ఒక్కో లెవెల్ చివర ఎదురయ్యే ఆరుగురు పాత బాస్‌లకు (గట్స్ మ్యాన్, ఎలెక్ మ్యాన్ లాంటి రోబోలకు) తోడుగా టైమ్ మ్యాన్, ఆయిల్ మ్యాన్ ఉంటారు. బొమ్మలు మాత్రం రెండింటిలోనూ పెద్ద తలల త్రీడీ బొమ్మలే.

రీమేక్ అనే పేరు ఓల్డ్ స్టైల్‌కే చెల్లుతుందని నా వాదన. న్యూ స్టైల్ మంచి గేమే కావచ్చు, కానీ అది వేరే గేమ్. ఇలాంటి గేముల్లో ప్రాణమంతా లెవెల్ అమరికలోనే ఉంటుంది. ఏ గొయ్యి ఎంత వెడల్పు, దాని అంచున ఏ శత్రువు నిలబడ్డాడు, దూకాల్సిన క్షణంలో వాడు ఎక్కడుంటాడు అన్నదే అసలు ఆట. గట్స్ మ్యాన్ లెవెల్ మొదట్లో పట్టాల మీద నడిచే పలకలు గుర్తున్నాయా? పట్టా తెగిన చోటికి రాగానే పలక వంగిపోతుంది, మనం కింద పడి చస్తాం. ఆ చిన్న తెగుడును కంటితో పట్టుకుని సరిగ్గా అప్పుడే గాల్లోకి లేవడం నేర్చుకుంటేనే ముందుకు దారి. అలాంటి కొలతలను కదిపితే గేమ్ ఏం నేర్పుతోందో అదే మారిపోతుంది.

రెండో జంప్:
మీ ప్రేమ నాకు అర్థమవుతోంది, హెల్మెట్ గారూ. నాకూ ఆ గేమ్ అంటే అంతే ఇష్టం. కానీ ఆ కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడాలి కదా. ఫామికామ్ చిత్రం 256 పిక్సెళ్ళ వెడల్పు, 240 ఎత్తు, అంటే ఇంచుమించు చతురస్రం. మెగా మ్యాన్ బొమ్మ సుమారు 24 పిక్సెళ్ళు, స్క్రీన్ ఎత్తులో పదో వంతు. టీవీ మీద దానికి ఇబ్బంది లేదు. పీఎస్పీ తెర 4.3 అంగుళాలు, 480 బై 272, పక్కలకు సాగిన ఆకారం. ఆ తెర ఎత్తు 5.4 సెంటీమీటర్లు కూడా ఉండదు. పాత నిష్పత్తి అలాగే ఉంచితే మీ హీరో అరచేతిలో అర సెంటీమీటరు చీమ అవుతాడు. కాస్త పెద్దగా కనపడాలంటే స్క్రీన్ మీద పట్టే అంతస్తుల సంఖ్య తగ్గించక తప్పదు. అప్పుడు ఎలెక్ మ్యాన్ లెవెల్‌లో నిచ్చెనలెక్కి పైకి పోయే గదుల్లాంటివి పాత పద్ధతిలో పట్టవు. పక్కలకేమో చోటు పెరిగి, శత్రువు ముందుగానే కంటపడతాడు. అంటే పాత గేమ్‌లో ఉన్న ఆ ఉలికిపాటు, ఆ టెన్షన్ ఈ తెర మీద రావాలన్నా అమరిక మార్చాల్సిందే.

పాత అనుభవాన్ని కాపాడటానికే పాత కొలతల్ని వదలాల్సి వస్తోంది. న్యూ స్టైల్ చేసింది ఆ పనే.

ఇంకొకటి. 1987 గేమ్‌లో ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి సేవ్ లేదు, పాస్‌వర్డ్ కూడా లేదు. ఓడినా మళ్ళీ ఆడే అవకాశాలు (కాంటిన్యూలు) ఎన్నిసార్లయినా ఉన్నా, మెషీన్ ఆపితే కథ మొదటికొస్తుంది. ఒకే కూర్చోవడంలో పూర్తి చేయాలని కట్టిన గేమ్ అది. చేతిలో పట్టుకుని కాసేపు ఆడి పక్కన పెట్టే వస్తువుకి ఆ కట్టుబాటు సరిపోదు. దాన్ని మార్చినందుకు ఎవరూ గొడవ పడలేదే!

బాస్‌రూమ్ తలుపు:
మీరిద్దరూ ఒక మాట వదిలేస్తున్నారు. ఓల్డ్ స్టైల్ కూడా 1987 గేమ్ కాదు. బొమ్మలు త్రీడీ, ఇంజిన్ కొత్తది. అమరిక ఒకటే అయినంత మాత్రాన అదే గేమ్ అయిపోదు. నిజంగా గౌరవం ఉంటే అసలు గేమ్‌నే లోపల పెట్టాలి. 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన ‘మెట్రాయిడ్: జీరో మిషన్’ చూడండి. ఆ రీమేక్‌ని పూర్తి చేస్తే 1986 నాటి అసలు మెట్రాయిడ్ చేతికొస్తుంది. 2007లో పీఎస్పీకే వచ్చిన క్యాజిల్‌వేనియా ‘డ్రాక్యులా ఎక్స్ క్రానికల్స్’లో 1993 నాటి ‘రోండో ఆఫ్ బ్లడ్’ అసలు రూపం కూడా దాచి ఉంచారు. అసలుది పక్కనే ఉంటే రీమేక్ ఎంత మారినా ఎవరికీ నష్టం లేదు. ఓల్డ్ స్టైల్ మధ్యలో ఆగిపోయిన ప్రయత్నం.

నీలి హెల్మెట్:
తలుపు గారూ, అసలు గేమ్ కూడా పెట్టాల్సిందన్న మాటకు నా ఓటు. కానీ మధ్యలో ఆగిపోయింది అనకండి. కొత్త రూపంలో పాత అమరిక ఎలా నిలబడుతుందో చూపించినది ఓల్డ్ స్టైలే. అది నిలబడింది కూడా. ఐస్ మ్యాన్ లెవెల్‌లో కనిపించి మాయమయ్యే దిమ్మెలను గుర్తు తెచ్చుకోండి. ఆ వరుస బట్టీ పట్టాలి, శబ్దం విని అడుగు వేయాలి. బొమ్మ మారినా చేతికి ఆ లెక్క మారదు. అందుకే గ్రాఫిక్స్ ఎంతైనా మార్చుకోండి, గొయ్యిని మాత్రం ముట్టుకోవద్దంటాను.

జంప్ గారూ, సేవ్ పెట్టడం ఆట బయట మార్పు. గొయ్యి వెడల్పు ఆట లోపలిది. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

రెండో జంప్:
అయితే ఆట లోపలి సంగతే చెప్తాను. న్యూ స్టైల్‌లో ఒక బాస్‌ని బస్టర్‌తోనే, అంటే మెగా మ్యాన్ చేతికున్న మామూలు తుపాకీతోనే ఓడిస్తే, ఆ బాస్‌గా మనమే ఆడొచ్చు. అదే లెవెల్, అదే దారి, కానీ చేతిలో మెగా మ్యాన్ లేడు. ఒక్కొక్కరికి ఒక్కో ఆయుధం, ఒక్కో బలహీనత. వాళ్ళ లెవెల్ చివర్లో ఎదురయ్యేది మెగా మ్యాన్ పోలికలున్న వేరే రోబో. టైమ్ మ్యాన్ ఆయుధం చుట్టూ ఉన్న వేగాన్ని తగ్గిస్తుంది, ఇక మీరన్న ‘దూకాల్సిన క్షణం’ మన చేతిలోకే వస్తుంది. ఒక్క నీలి హీరో కోసం కొలిచిన పాత గోతుల్లో ఇంతమందికి చోటు ఉండదు. వీళ్ళందరికీ దారి ఇవ్వాలంటే లెవెల్స్ కొత్తగా కట్టాల్సిందే. ఆ పైన లెవెల్ తయారు చేసుకునే కన్‌స్ట్రక్షన్ మోడ్ కూడా ఇచ్చారు. అమరికే ఆటకు ప్రాణమని మీరన్నారు కదా, ఆ ప్రాణాన్ని ఆడేవాళ్ళ చేతుల్లో పెట్టిన గేమ్ ఇది. మెగా మ్యాన్‌కి ఇంతకన్నా పెద్ద గౌరవం నాకు తోచడం లేదు.

కొత్త కంట్రోలర్:
మొదటి మెగా మ్యాన్ నేను ఎప్పుడూ ఆడలేదు. ఇదంతా చదివాక పవర్డ్ అప్‌తోనే మొదలుపెట్టాలని ఉంది. ఏ స్టైల్ ముందు ఆడాలి?

బాస్‌రూమ్ తలుపు:
న్యూ స్టైల్, నార్మల్ కష్టస్థాయిలో. చేయి తిరిగాక 1987 గేమ్‌నే వెతికి ఆడండి.

నీలి హెల్మెట్:
ఓల్డ్ స్టైల్ ముందు. గట్స్ మ్యాన్‌ని మాత్రం మొదట ఎంచుకోకండి, ఆ పలకలు కొత్తవాళ్ళని నిరుత్సాహపరుస్తాయి. బాంబ్ మ్యాన్‌తో మొదలుపెట్టండి. ఎలెక్ మ్యాన్ లెవెల్‌లో దొరికే మాగ్నెట్ బీమ్ (గాల్లో మెట్టు వేసే పరికరం) వదిలేసి వెళ్ళొద్దు, చివర్లో వచ్చే విలన్ వైలీ కోటలో అది లేకపోతే దారి దొరకదు.

రెండో జంప్:
న్యూ స్టైల్ ముందు. బాంబ్ మ్యాన్‌తోనే మొదలుపెట్టండి, కానీ బస్టర్ తప్ప ఏదీ వాడకుండా ఓడించండి. తర్వాత వాడిగానే ఇంకో లెవెల్‌కి వెళ్ళి, హెల్మెట్ గారు అన్నట్టు అది వేరే గేమ్‌లా ఉందో లేదో మీరే ఇక్కడ రాయండి.