బార్డ్ కోట 1800లో గెలిచినట్టా, ఓడినట్టా?

కొండదారి:
ఇటలీ వాయవ్య మూలన, ఆవోస్తా లోయ కింది కొసన బార్డ్ అనే చిన్న ఊరుంది. డోరా బాల్తెయా నది అక్కడ రెండు కొండల మధ్య ఇరుక్కుని పారుతుంది. ఆ ఇరుకులోనే నిటారుగా ఒక రాతిగుట్ట, దాని మీద కోట. గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దిగి ఇటలీ మైదానంలోకి వెళ్ళాలంటే రోడ్డు ఆ గుట్ట కిందుగానే పోతుంది. రోమన్లు వేసిన బాటా అదే. పక్కనున్న దొన్నాస్‌లో కొండను తొలిచి వేసిన ఆ బాట ముక్క ఇప్పటికీ కనిపిస్తుంది.

1800 మే నెలలో నెపోలియన్ ఉత్తర ఇటలీలోని ఆస్ట్రియన్ సైన్యం మీదికి సుమారు 40,000 మంది ఫ్రెంచి సైనికులతో ఆ కనుమ దాటి వచ్చాడు. కోటలో ఉన్నది కెప్టెన్ స్టాకార్డ్ ఫాన్ బెర్న్‌కాఫ్, అతని కింద దాదాపు 400 మంది ఆస్ట్రియన్ సైనికులు. రెండు వారాల పాటు లొంగలేదు, జూన్ 1న లొంగారు. అందుకే దీన్ని ‘నెపోలియన్‌ను ఆపిన కోట’ అని చెప్పుకుంటారు. సైన్యం పక్కనుంచి ముందుకు వెళ్ళిపోయిందని కూడా వాళ్ళే చెబుతారు. మరి ఆపినట్టు ఎలా అవుతుంది? చదివినవాళ్ళు చెప్పండి.

పటాలపిచ్చి:
ఆపలేదండీ. తేదీలు చూడండి చాలు. కోట జూన్ 1న లొంగితే, నెపోలియన్ జూన్ 2కల్లా మిలాన్‌లో ఉన్నాడు. అంటే కోట లొంగేదాకా అతను ఆగలేదు. ముందు నడిచిన జనరల్ లాన్ అప్పటికే లోయ దిగువనున్న ఇవ్రేయా పట్టణాన్ని పట్టేసుకున్నాడు. కోట ఎదుట ఒక డివిజన్‌ను ముట్టడికి వదిలేసి మిగతావాళ్ళు సాగిపోయారు.

ఎలా పోయారంటే, కోటకు ఎదురుగా ఉన్న కొండ మీద ఆల్బార్ వైపు ఒక మేకలదారి ఉంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని వెడల్పు చేసి, రాతిలో మెట్లు చెక్కి, కాల్బలాన్నీ గుర్రాలనూ ఆ పైనుంచి దాటించారు. కావలి కోట అంటే మెయిన్ రోడ్డుకే కావలా? పై దారిలో 50 మందిని, రెండు చిన్న ఫిరంగులను పెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. నా మటుకు ఇది ఓటమే, అదీ చేతులారా తెచ్చుకున్నది.

మందుగుండు:
పటాలపిచ్చి గారూ, మనుషులు దాటారు, నిజమే. ఫిరంగులు దాటాయా? అసలు చర్చ అక్కడ మొదలవ్వాలి.

మేకలదారిలో మనిషి నడుస్తాడు, గుర్రాన్ని పట్టుకుని నడిపిస్తాడు. బండి మీది ఫిరంగి పోదు. కనుమ దగ్గరే వాటిని విప్పి, తొలిచిన చెట్టు మానుల్లో గొట్టాలను పెట్టి మంచు మీద లాక్కొచ్చారు. అంత కష్టపడి తెచ్చినవి బార్డ్ దగ్గర ఆగిపోయాయి. ఫిరంగి పోవాలంటే ఊరి మధ్య ఉన్న ఒకే ఒక్క వీధిలోంచి, కోట గోడల కిందనుంచే పోవాలి. ఊరిని ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నా వీధి మాత్రం పైవాళ్ళ తుపాకుల కిందే ఉంది.

చివరికి ఏం చేశారో చూడండి. రాత్రిపూట వీధి పొడుగునా గడ్డి, పేడ పరిచారు. చక్రాలకు గడ్డి చుట్టారు. గుర్రాలను విప్పేసి మనుషులే లాగారు. చప్పుడు పసిగట్టిన కోటవాళ్ళు పైనుంచి నిప్పు కుండలు, గ్రెనేడ్లు విసిరారు. చాలామంది చచ్చారు, దెబ్బలు తిన్నారు. అంత చేసినా కోట లొంగేదాకా గట్టెక్కింది కొన్ని ఫిరంగులే. కోట మీదికి చేసిన రాత్రి దాడి కూడా బెడిసికొట్టింది.

ఇప్పుడు జూన్ 14కి, మరెంగో అనే ఊరి దగ్గర నెపోలియన్ ఆస్ట్రియన్లతో తలపడిన యుద్ధానికి రండి. ఆస్ట్రియన్ల దగ్గర 100 దాకా ఫిరంగులున్నాయి. ఫ్రెంచివాళ్ళ దగ్గర అందులో పావు వంతు కూడా సరిగా లేవు. మధ్యాహ్నానికి వెనక్కి తగ్గక తప్పలేదు. సాయంత్రం ఫ్రెంచి జనరల్ దెసే తన దళంతో వచ్చాక ఎదురుదాడికి ఫిరంగి దళం అధిపతి మార్మోన్ ఫిరంగులను పోగుచేశాడు: పొద్దుటి పోరులో మిగిలినవి 5, రిజర్వు నుంచి 5, దెసేతో వచ్చినవి 8. మొత్తం 18! ఐరోపా గతిని మార్చిన యుద్ధంలో 18 ఫిరంగులు. ఆ కొరతలో కొంత భాగం స్టాకార్డ్ లెక్కలో వెయ్యాల్సిందే. నెపోలియన్ అక్కడ ఓడిపోవడానికి ఎంత దగ్గరగా వచ్చాడో తలుచుకుంటే, ఆ 400 మందిని ఓడిపోయినవాళ్ళనడానికి నాకు నోరు రాదు.

పటాలపిచ్చి:
18 లెక్క ఒప్పుకుంటాను. కానీ కొరత అంతా బార్డ్ పుణ్యమే అంటే ఒప్పుకోను. మిలాన్ దగ్గరి పావియా ఊళ్ళో ఆస్ట్రియన్ల ఫిరంగుల డిపో మొత్తం లాన్ చేతికి చిక్కింది కదా. పైగా మరెంగోకి ముందు శత్రువు తప్పించుకుంటాడేమోనని నెపోలియన్ తన బలాన్ని నాలుగు వైపులకీ పంచేశాడు. దెసేను కూడా దూరం పంపి, మళ్ళీ కబురు పెట్టాల్సి వచ్చింది. ఆ తప్పు అతనిది.

మందుగుండు:
డిపోలో దొరికిన ఫిరంగి మర్నాడే యుద్ధానికి రాదండీ. బండి కావాలి, గుర్రాలు కావాలి, దానికి సరిపోయే గుండ్లు కావాలి, చేతి అలవాటున్న గోలందాజులు, అంటే ఫిరంగులు పేల్చేవాళ్ళు, కావాలి. సొంత ఫిరంగులు సొంత మనుషులతో రావడం వేరు. బలాన్ని పంచడం అతని తప్పే, అందులో పేచీ లేదు.

లోయవాసి:
ఇద్దరూ నెపోలియన్ వైపు నుంచే చూస్తున్నారు. ఆస్ట్రియన్ వైపు నుంచి ఒకసారి చూడండి. కోట ఇచ్చేది టైమ్. ఆ టైమ్‌ను వాడుకోవాల్సింది వెనకున్న సైన్యం. ఆస్ట్రియన్ సేనాని మేలాస్ అప్పుడు నైరుతి మూలన నీస్ వైపున్నాడు, మరో దళం జెనోవాలో ఫ్రెంచి జనరల్ మసేనాను ముట్టడిస్తోంది. పెద్ద సైన్యం ఆల్ప్స్ దాటి వస్తోందంటే మేలాస్ త్వరగా నమ్మలేదు. స్టాకార్డ్ తన ప్రాణం ఒడ్డి సంపాదించి పెట్టిన రోజులు అలా ఖర్చయిపోయాయి. గండి ముఖాన 10,000 మంది వచ్చి నిలబడి ఉంటే, మేకలదారి దిగిన ఫ్రెంచివాళ్ళు ఫిరంగులు లేకుండా వాళ్ళతో తలపడాల్సి వచ్చేది. కాబట్టి నా తీర్పు: కోట తన పని చేసింది, సైన్యం చెయ్యలేదు. పై దారికి కావలి పెట్టకపోవడం గురించి పటాలపిచ్చి గారన్నది మాత్రం కాదనలేను. కాకపోతే 400 మందిలోంచి ఎంతమందిని తీసి పైన పెట్టగలరు?

కొండదారి:
ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ థాంక్స్. ఇంకో సందేహం. లొంగాక ఆ కోటను నెపోలియన్ నేలమట్టం చేయించాడంటారు. ఇప్పుడక్కడ ఉన్నదేమిటి మరి?

మందుగుండు:
పాతది కూల్చేశాడు. పనికిరాని కోటైతే అంత శ్రమపడి కూల్చడం ఎందుకు? ఇప్పుడున్నది 1830–1838 మధ్య ఆ ప్రాంతాన్ని ఏలిన సవాయ్ వంశపు రాజులు కట్టించింది. ఇంజనీరు ఫ్రాంచెస్కో ఆంతోనియో ఒలివేరో. 1800 పాఠం వాళ్ళు బాగా చదువుకున్నట్టే ఉంది: గుట్ట పైన ఒకే కోట కాకుండా కింది నుంచి పైదాకా అంచెలంచెలుగా కట్టారు. కింద ఫెర్దినాందో, మధ్యలో విత్తోరియో, తలమీద కార్లో అల్బెర్తో. దేని ఫిరంగులు దానివి. ఒక అంచె పడినా పైదాని ఫిరంగుల కిందే ఉంటుంది. ఇటలీని ఏకం చేసిన కవూర్ కుర్రతనంలో, 1831లో, ఇంజనీరు దళం లెఫ్టినెంటుగా ఇక్కడ పని చేశాడు. అతని ఉదారవాద మాటలు నచ్చక ఈ మూలకు పంపారు.

పటాలపిచ్చి:
ఆ కొత్త కోట మీద ఒక్క దాడీ జరగలేదు. శతాబ్దం తిరిగేసరికి దూరం కొట్టే ఫిరంగులొచ్చి దాని విలువ తగ్గింది. మిలటరీ జైలుగా, మందుగుండు గోదాముగా వాడి, 1975లో సైన్యం వదిలేసింది. 2006లో మ్యూజియంగా తెరిచారు. జరగని యుద్ధంతో దాని గట్టితనాన్ని ఎలా తేలుస్తారు?

లోయవాసి:
జరగకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదండీ. 1838 తర్వాత ఆ లోయ మీదుగా ఇటలీలోకి దిగాలని ఏ పెద్ద సైన్యమూ ప్రయత్నించలేదు. కోట వల్లేనని నేననను. రాజకీయాలు మారాయి, సరిహద్దులు మారాయి, యుద్ధాలు వేరే చోట్ల జరిగాయి. కానీ ప్లాన్ గీసే ఏ ఫ్రెంచ్ అధికారి అయినా బార్డ్ దగ్గర వేలు ఆపి, ఫిరంగులు ఎటు తిప్పాలా అని ఆలోచించి ఉండాలి. 1800 నాటి ముట్టడి వాళ్ళ రికార్డుల్లోనే ఉంది.