సముద్రాన్ని ‘స్టేర్’ చెయ్యకూడదా?

బీచ్‌రోడ్డు నాన్న: మా అమ్మాయి ఏడో తరగతి. విశాఖలో సముద్రం పక్కనున్న కైలాసగిరి కొండకి వెళ్లొచ్చాక ఇంగ్లీషు వ్యాసంలో ‘వియ్ స్టేర్డ్ ఎట్ ద సీ’ అని రాసింది. టీచరుగారు కొట్టేసి ‘గేజ్డ్’ అని దిద్దారు. స్టేర్ అంటే మర్యాదలేని చూపట. మార్కు పోతే పోనీ. ఆ సాయంత్రం పిల్ల నిజంగానే రెప్ప వెయ్యకుండా నిలబడిపోయింది, మూడుసార్లు పిలిచినా పలకలేదు. తను రాసింది తప్పంటారా?

పెందుర్తి మేష్టారు: నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, నేనూ అలాగే దిద్దేవాణ్ణి. గేజ్‌లో ఇష్టం, ఆశ్చర్యం ఉంటాయి. నక్షత్రాలు చూడటాన్ని స్టార్‌గేజింగ్ అంటాం కదా!

జగదాంబ కుర్రోడు: గేజ్ అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అంతమాత్రాన స్టేర్ తప్పెలా అవుతుందండీ? ‘స్టేర్డ్ అవుట్ ఆఫ్ ద విండో’ అని ఇంగ్లీషువాళ్లు రాస్తూనే ఉంటారు, అందులో ఎవరికి అమర్యాద? పాత ఇంగ్లీషులో ఈ మాట ‘స్టారియన్’. దాని మూలానికి బిగుసుకుపోవడమని అర్థం. జర్మన్‌లో ‘ష్టార్’ అంటే ఇప్పటికీ బిగుసుకున్నది అనే. మాటలో ఉన్నది కదలని చూపు, అంతే. ఎదుట మనిషి ఉన్నప్పుడే అది అమర్యాద అవుతుంది.

భీమిలి అక్క: మన దగ్గర ఆ తేడాకి వేరువేరు మాటలున్నాయి. ‘తదేకంగా చూసింది’ అంటే ఎవరూ నొచ్చుకోరు, ‘గుడ్లప్పగించి చూశాడు’ అంటే తిట్టే. ఇంగ్లీషులో రెండు చోట్లా స్టేర్ సరిపోతుంది. గేజ్ ఎప్పుడూ మెత్తనిదే అనుకోకండి మేష్టారూ. 1975లో లారా మల్వే అనే బ్రిటిష్ సినిమా విమర్శకురాలు సినిమాల్లో ఆడవాళ్లని చూపించే తీరుని ‘మేల్ గేజ్’, అంటే మగచూపు అంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో గుచ్చి గుచ్చి చూసేవాడి గురించి ఆడపిల్ల ఇంగ్లీషులో చెప్పాలంటే స్టేర్ అనే అనాలి. అక్కడ మాత్రం దాన్ని మెత్తబరచొద్దు.

పెందుర్తి మేష్టారు: మేల్ గేజ్ సంగతి నాకు తట్టలేదమ్మా. అయినా పిల్లల వ్యాసంలో నేను గేజ్ వైపే.

బీచ్‌రోడ్డు నాన్న: ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. ‘గేజ్ అంటే హాయిగా చూడటంలా ఉంది నాన్నా. నాకు హాయిగా లేదు, అంత నీళ్లు చూస్తే భయమేసింది, అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను’ అంది. సోమవారం వ్యాసం పట్టుకుని టీచరుగారి దగ్గరికి వెళ్తున్నాం. ఈ మాట తనే చెప్తుందట.