అప్‌డేట్: అండాలు దానం చేశాను
పిల్లలు లేనివాళ్లకి అండాలు ఇద్దామనుకుంటున్నా, ప్రమాదమా అని అడిగాను కదా, ఇచ్చేశాను. సంతాన చికిత్సల మీద మన దేశంలో వచ్చిన 2021 చట్టం (ART చట్టం) ప్రకారం దాత వయసు 23–35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, 7 అండాలకు మించి తీయకూడదు. దాతకి ఇన్సూరెన్స్ తీసుకోవాల్సింది అండాలు పొందే దంపతులే. ఆ పాలసీ కాగితం చూశాకే నేను సంతకం పెట్టాను.

అండాలు పెరగడానికి పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్లు త్వరగానే అలవాటయ్యాయి. టెన్షన్ అంతా అండాలు పక్వం కావడానికి ఆఖరున వేసుకునే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌తోనే: చెప్పిన టైముకే వేసుకోవాలి, ఆ తర్వాత దాదాపు 36 గంటలకి అండాలు తీస్తారు. రాత్రి అలారం పెట్టుకుని, సూది పట్టుకుని కూర్చున్నాను. తీసేటప్పుడు మత్తులో ఏమీ తెలియలేదు. తర్వాత పొట్ట ఉబ్బి కుచ్చిళ్లు దోపుకోవడమే కష్టమైంది, నెలసరితో తగ్గింది. ఆయాసం, ఆగని వాంతులు ఉంటే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలట. మా అత్తయ్య ఇంకా ముభావంగానే ఉన్నారు, చూద్దాం.